డిలింజర్ పడిపోయిన సందు

షికాగోలో రెడ్ లైన్ రైలెక్కి ఫుల్లర్టన్ స్టేషన్లో దిగి, తూర్పు వైపు కాస్త నడిస్తే మూడు రోడ్లు కలిసే పెద్ద కూడలి వస్తుంది. అక్కడ లింకన్ అవెన్యూలోకి తిరగ్గానే ఒక పాత సినిమా హాలు కనిపిస్తుంది. పేరు బయోగ్రాఫ్. 1914లో కట్టారు. ఇప్పుడు అందులో సినిమాలు ఆడవు. 2006లో దాన్ని నాటకాల హాలుగా మార్చేశారు. కానీ ఫుట్‌పాత్ మీదికి వచ్చే పాతకాలపు చూరు, పైన బయోగ్రాఫ్ అనే పేరు మాత్రం అలాగే ఉంచారు.

హాల్లోంచి బయటికొచ్చి ఎడమ చేతి వైపు నాలుగడుగులు వేస్తే ఒక సందు. మన ఊళ్ళలో షాపుల వెనక ఉండే సందు లాంటిదే. చెత్త డబ్బాలు, కరెంటు స్తంభం, గోడకి ఆనించిన ఒక సైకిలు. నేను వెళ్ళింది జూలైలో, శనివారం సాయంత్రం. పక్కనే కాలేజీ ఉంది కాబట్టి రోడ్డంతా స్టూడెంట్లు. ఐస్‌క్రీమ్ తింటూ, ఫోన్లు చూసుకుంటూ పోతున్నారు. ఆ సందు వైపు చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. నేను మాత్రం అక్కడ ఇరవై నిమిషాలు నిలబడ్డాను.

1934 జూలై 22 రాత్రి, అమెరికా మొత్తం వెతుకుతున్న బ్యాంకు దొంగ జాన్ డిలింజర్ ఈ సందు దగ్గరే తూటాలు తగిలి పడిపోయాడు.

ఇంత దూరం వచ్చి ఈ సందు చూడ్డమేంటి అంటారా? నాకు దీంతో పాత లెక్క ఒకటి ఉంది.

నాన్న డబ్బులు

ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో, హాస్టల్ రూమ్‌లో ఒక లాప్‌టాప్ ముందు ఎనిమిది మందిమి కూర్చుని 'పబ్లిక్ ఎనిమీస్' చూశాం. 2009లో వచ్చిన సినిమా. డైరెక్టర్ మైకేల్ మాన్ షికాగోలోనే పుట్టినవాడు. జానీ డెప్ డిలింజర్‌గా, క్రిస్టియన్ బేల్ అతన్ని వెంటాడే ఆఫీసర్ మెల్విన్ పర్విస్‌గా చేశారు. అందులో ఒక బ్యాంకు దోపిడీ సీన్ ఉంటుంది. కౌంటర్ దగ్గరున్న ఒక మామూలు మనిషి భయపడి తన నోట్లు కూడా అక్కడ పెట్టేస్తాడు. డిలింజర్ వాటిని ముట్టుకోడు. మీ డబ్బు మీరు ఉంచుకోండి, నేనొచ్చింది బ్యాంకు డబ్బు కోసం అన్నట్టు మాట్లాడి వెళ్ళిపోతాడు.

ఆ సీన్‌కి రూమంతా ఈలలే. అందరికంటే గట్టిగా ఈల వేసింది నేను.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. సీజన్లో ఆయన చొక్కా విప్పితే ఇల్లంతా తుమ్ములే. అక్క పెళ్ళికని, నా చదువుకని పద్నాలుగేళ్ళు కూడబెట్టిన లక్షా ఎనభై వేలు ఒక ఫైనాన్స్ కంపెనీలో వేశాడు. బ్యాంకు కంటే నాలుగు రూపాయలు వడ్డీ ఎక్కువన్నారు. తెలిసినవాళ్ళే చేర్పించారు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక సోమవారం పొద్దున ఆ ఆఫీసు షట్టరు తెరవలేదు. నాన్న సైకిలు మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. షట్టరు ముందు రెండొందల మంది. ఒకావిడ పాస్‌బుక్కు పట్టుకుని నేల మీద కూర్చుంది. నాన్న ఏమీ అనలేదు. చాలాసేపు నిలబడి, తిరిగొచ్చేటప్పుడు నాకు నిమ్మసోడా కొనిచ్చాడు. ఆ డబ్బులో ఈ రోజుకీ ఒక్క రూపాయి వెనక్కి రాలేదు.

అందుకే సినిమాలో ఆ సీన్ చూసినప్పుడు నాకు అతను దొంగలా కనపడలేదు. మన తరఫున లెక్క తేల్చేవాడిలా కనిపించాడు.

1933లో అమెరికాలో జనం కూడా అలాగే అనుకున్నారు. మహా మాంద్యం కాలం. పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. 1930 నుంచి 1933 దాకా దాదాపు తొమ్మిది వేల బ్యాంకులు మూతపడ్డాయి. తొమ్మిది వేల షట్టర్లు, ప్రతి షట్టరు ముందూ మా నాన్న లాంటివాళ్ళు ఎంతమందో! అలాంటి టైమ్‌లో సూటు వేసుకుని, టోపీ పెట్టుకుని, కౌంటర్ మీదికి ఎగిరి దూకి బ్యాంకులు దోచేవాడు ఒకడొస్తే జనం పేపర్లు కొనుక్కుని చదవరా మరి?

ఆ రాత్రి

1934 జూలైలో షికాగోలో ఎండలు మనుషుల్ని చంపేంతగా ఉన్నాయి. సినిమా హాలుకి జనం వెళ్ళేది సగం సినిమా కోసం, సగం లోపలి చల్లగాలి కోసం. ఆ ఆదివారం బయోగ్రాఫ్‌లో ఆడుతున్నది 'మాన్‌హాటన్ మెలోడ్రామా'. క్లార్క్ గేబుల్ అందులో ఒక గ్యాంగ్‌స్టర్. చివరికి మరణశిక్ష పడుతుంది. డిలింజర్ తన ఆఖరి సాయంత్రం కూర్చుని చూసింది ఆ సినిమా.

అతనితో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకామె పాలీ హామిల్టన్. రెండో ఆమె అన్నా సేజ్. రొమేనియా నుంచి వచ్చిన మనిషి, ఇక్కడి ప్రభుత్వం ఆమెని దేశం నుంచి పంపేయాలని చూస్తోంది. పంపకుండా ఆపుతారేమోనన్న ఆశతో, బహుమతి డబ్బు కోసం, ఆమె డిలింజర్ వచ్చే సంగతి ముందే చెప్పేసింది. గుర్తుపట్టడానికి నారింజ రంగు స్కర్ట్ వేసుకుంది. హాలు దీపాల వెలుగులో అది ఎర్రగా కనపడింది. పేపర్లు ఆమెకి ఎర్ర దుస్తుల మనిషి అని పేరు పెట్టేశాయి.

పదిన్నర ప్రాంతంలో ముగ్గురూ బయటికొచ్చారు. తలుపు దగ్గర నిలబడ్డ పర్విస్ సిగార్ వెలిగించాడు. అదే సిగ్నల్. డిలింజర్‌కి ఏదో తేడా కొట్టింది, సందు వైపు పరిగెత్తాడు. ముగ్గురు ఏజెంట్లు కాల్చారు. దారిన పోతున్న ఇద్దరు ఆడవాళ్ళకి కూడా గాయాలయ్యాయి. 10:50కి ఆస్పత్రిలో అతను చనిపోయాడని ప్రకటించారు. అప్పటికి అతని వయసు 31.

తర్వాత జరిగింది సినిమాల్లో పెడితే మనం నమ్మం. జనం పరిగెత్తుకొచ్చి జేబు రుమాళ్ళు తీసి నేల మీది రక్తంలో అద్దుకున్నారు. శవాన్ని చూడటానికి మార్చురీ ముందు వేలమంది లైను కట్టారు. అన్నా సేజ్‌కి అయిదు వేల డాలర్లయితే దక్కాయి. కానీ 1936లో ఆమెను రొమేనియా పంపించేశారు.

మైకేల్ మాన్ ఈ సీన్‌ని ఈ రోడ్డు మీదే తీశాడు. షాపుల ముందు భాగాలన్నీ 1934లోకి మార్చి, అప్పటి కార్లు నింపి, మామూలు ఫిల్మ్ కాకుండా డిజిటల్ కెమెరాతో షూట్ చేశాడు. అందుకే పాతకాలం సినిమాలా ఉండదు, నిన్న రాత్రి ఎవరో పక్కన నిలబడి తీసిన వీడియోలా ఉంటుంది. ఆ సందులో నిలబడితే నాకు ఆ షాట్లన్నీ గుర్తొచ్చాయి. ఫొటో తీసి హాస్టల్ ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాను. అయిదు నిమిషాల్లో నలభై మెసేజ్‌లు. "మన హీరో!" అని ఒకడు పెట్టాడు. నేనూ ఒక ఎమోజీ కొట్టాను. అప్పటిదాకా నాకూ హీరోనే.

అద్దాల్లో రంధ్రాలు

సెప్టెంబరులో లేబర్ డే లాంగ్ వీకెండ్ వస్తే, మా రూమ్మేట్‌ని ఒప్పించి విస్కాన్సిన్ ఉత్తరం వైపు బయల్దేరాను. షికాగో నుంచి ఆరు గంటలకి పైనే డ్రైవింగ్. పోనుపోను ఊళ్ళు చిన్నవవుతాయి, పైన్ చెట్లు పెద్దవవుతాయి, ప్రతి మలుపులో ఒక చెరువు. మానిటోవిష్ వాటర్స్ అనే ఊరు. అక్కడ లిటిల్ స్టార్ లేక్ ఒడ్డున 'లిటిల్ బొహీమియా' అని ఒక లాడ్జి. ఇప్పుడది రెస్టారెంటు. సినిమాలోని అర్ధరాత్రి కాల్పుల సీన్ ఈ లాడ్జిలోనే తీశారు.

లోపల గోడల నిండా అప్పటి పేపర్ కటింగులు, ఫొటోలు. అన్నిటికంటే జనం ఫొటోలు దిగేది కిటికీల దగ్గర. తూటాలు దూసుకుపోయిన అద్దాలను మార్చకుండా తొంభై ఏళ్ళుగా అలాగే కాపాడుతున్నారు. మేమూ వేలు పెట్టి చూపిస్తూ సెల్ఫీ తీసుకున్నాం. తర్వాత టేబుల్ దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

1934 ఏప్రిల్ 22, ఆదివారం. డిలింజర్ ముఠా ఇక్కడ దిగిందని తెలిసి పర్విస్ మనుషులు చీకట్లో చుట్టుముట్టారు. కుక్కలు మొరిగాయి. అదే టైముకి, ఇక్కడ రాత్రి భోజనం చేసిన ముగ్గురు లోకల్ మనుషులు బయటికొచ్చి కారెక్కారు. వాళ్ళకీ ముఠాకీ ఏ సంబంధమూ లేదు. ఆపమన్న కేక వాళ్ళకి వినపడలేదు. కారు కదలగానే ఏజెంట్లు కాల్చేశారు. యూజీన్ బోయ్‌నో అనే ఆయన అక్కడికక్కడే చనిపోయాడు. మిగతా ఇద్దరికీ తూటాలు తగిలాయి. ఈ గోలలో డిలింజర్, అతని మనుషులు వెనక కిటికీలోంచి దిగి చెరువు ఒడ్డు వెంట నడుచుకుంటూ పోయారు. ఆ రాత్రే బేబీ ఫేస్ నెల్సన్, కార్టర్ బామ్ అనే కుర్ర ఏజెంటును దగ్గర్లో కాల్చి చంపాడు. పొద్దున తేలిన లెక్క ఇది: దొంగలు ఒక్కరూ దొరకలేదు, లోపల ముఠాతో వచ్చిన ఆడవాళ్ళు మాత్రం మిగిలారు.

బోయ్‌నో పని చేసింది సీసీసీ క్యాంపులో. నిరుద్యోగులకు అడవుల్లో చెట్లు నాటడం, రోడ్లు వెయ్యడం లాంటి పనులు ఇవ్వడానికి 1933లో రూజ్‌వెల్ట్ పెట్టిన పథకం అది. మన ఉపాధి హామీ లాంటిదనుకోండి. ఆ క్యాంపుల్లో చేరిన కుర్రాళ్ళకి నెలకి 30 డాలర్లు ఇస్తే, అందులో 25 వరకు ఇంటికే పంపేవాళ్ళు.

నేను ఆ సినిమా కనీసం నాలుగు సార్లు చూసుంటాను. ఆ కారు నాకు గుర్తే లేదు. కాల్పుల సౌండు గుర్తుంది, డెప్ పరిగెత్తిన స్టైల్ గుర్తుంది.

మా రూమ్మేట్ అప్పటికే బర్గరు అయిపోగొట్టి, "ఏమైంది మామా, డల్ అయ్యావ్?" అన్నాడు. ఏమీ లేదన్నాను. కానీ తిరిగి వచ్చేటప్పుడు ఆరు గంటలూ నాకు అదే ఆలోచన. ఆదివారం పూట భోజనం చేసి ఇంటికి పోతున్న మనిషి. షట్టరు ముందు నిలబడ్డ రెండొందల మందిలో ఒకడిగా నాకు కనిపించాడు. ఆయనకీ డిలింజర్‌కీ ఏ గొడవా లేదు, పోలీసులతో ఏ గొడవా లేదు. మధ్యలో ఉన్నాడంతే.

ఎఫ్‌బీఐ లెక్క ప్రకారం డిలింజర్ ముఠా 1933 సెప్టెంబరు నుంచి 1934 జూలై దాకా పది మందిని చంపింది. ఈల వేసినప్పుడు ఈ నంబరు నాకు తెలియదు.

సమాధి మీద చిల్లర

దసరాకి ఇండియానాపొలిస్‌లో ఉన్న మా పెదనాన్న కూతురింటికి వెళ్ళాను. దారిలో క్రౌన్ పాయింట్ అనే ఊరొస్తుంది. షికాగో నుంచి గంట. అక్కడి జైలు నుంచే డిలింజర్ 1934 మార్చి 3న తప్పించుకున్నాడు. చెక్కతో చేసిన తుపాకీ చూపించి బయటపడ్డానని తనే గొప్పగా చెప్పుకున్నాడు. పోతూ పోతూ జైలు బాధ్యత చూసే షెరీఫ్ లిలియన్ హోలీ కారే ఎత్తుకుపోయాడు. ఆ కారులో ఇల్లినాయ్ సరిహద్దు దాటాడు. దొంగ కారుతో రాష్ట్రం సరిహద్దు దాటితే అది కేంద్రం కేసవుతుంది. అప్పటిదాకా ఏ రాష్ట్రం పోలీసులు ఆ రాష్ట్రంలోనే వెతికేవాళ్ళు. ఈ ఒక్క తప్పుతో దేశమంతా వెంటపడే హక్కు హూవర్ మనుషులకు దొరికింది. కోడ్‌లో ఒక్క లైను తప్పు రాసి ప్రొడక్షన్ మొత్తం పడగొట్టినవాడిగా ఆ బాధ నాకు తెలుసు.

పండగ మర్నాడు అక్కని అడిగాను, "క్రౌన్ హిల్ దాకా వెళ్ళొద్దామా?" అని.

"పండగ పూట శ్మశానానికి పోదామంటావేందిరా?" అంది. తిట్టింది కానీ, కారు బావ తీశాడు.

క్రౌన్ హిల్ చాలా పెద్ద శ్మశానం. అమెరికా ప్రెసిడెంటుగా చేసిన బెంజమిన్ హారిసన్ సమాధి కూడా ఇక్కడే. డిలింజర్ రాయి చిన్నది. వచ్చినవాళ్ళు జ్ఞాపకంగా ముక్కలు చెక్కుకుపోతుంటే ఆ రాయిని చాలాసార్లు మార్చాల్సి వచ్చింది. ఎవరైనా తవ్వుతారన్న భయంతో పైన కాంక్రీటు కూడా పోశారు. 2019లో బంధువులే శవాన్ని బయటికి తీసి పరీక్ష చేయిస్తామన్నారు. శ్మశానంవాళ్ళు ఒప్పుకోలేదు, కోర్టు కూడా కేసు కొట్టేసింది.

రాయి మీద చిల్లర పెట్టి ఉంది. ఎక్కువగా ఒక సెంటు బిళ్ళలు. బ్యాంకు దొంగకి డబ్బులు పెట్టడమేంటని బావ నవ్వాడు.

ఆ సమాధి దగ్గర నేను ఆలోచించింది డిలింజర్ గురించి కాదు, వాళ్ళ నాన్న గురించి. ఆయన కిరాణా వ్యాపారి. ఈ పిల్లాడికి నాలుగేళ్ళు నిండకుండానే తల్లి పోయింది. 1924లో, కొడుక్కి 21 ఏళ్ళప్పుడు, మూర్స్‌విల్‌లో ఒక దుకాణదారుని కొట్టి డబ్బు లాక్కోబోయి దొరికాడు. తప్పు ఒప్పేసుకో, కోర్టు కనికరిస్తుంది అని తండ్రి చెప్పాడు. లాయరును కూడా పెట్టలేదు. పది నుంచి ఇరవై ఏళ్ళు శిక్ష వేశారు. లాయరును పెట్టుకున్న తోడుదొంగ రెండేళ్ళలోపే బయటికొచ్చాడు. డిలింజర్ దాదాపు తొమ్మిదేళ్ళు లోపలే ఉండి, బ్యాంకులు ఎలా కొట్టాలో తెలిసినవాళ్ళతో స్నేహం చేసి, 1933 మేలో పెరోల్ మీద వచ్చాడు. పద్నాలుగు నెలల తర్వాత ఆ తండ్రే వచ్చి కొడుకు శవాన్ని తీసుకెళ్ళి ఇక్కడ పాతిపెట్టాడు.

కోర్టును నమ్మిన ఆ తండ్రి, ఫైనాన్స్ కంపెనీని నమ్మిన మా నాన్న. ఇద్దరూ పిల్లల మంచి కోసమే నమ్మారు. ఆ రాయి మీద నేను చిల్లర పెట్టలేదు. పెట్టాలనిపించలేదు.

గాజు తలుపు మీది స్టిక్కర్

తిరిగొచ్చాక, అపార్ట్‌మెంట్ మారుతున్నామని చెక్కు కోసం మా ఇంటి దగ్గరి బ్యాంకుకి వెళ్ళాను. మూడేళ్ళుగా వెళ్తున్న బ్రాంచే. కౌంటర్ దగ్గర ఎఫ్‌డీఐసీ అని చిన్న బోర్డు, తలుపు మీద అదే స్టిక్కర్. ఒక్కో డిపాజిటర్‌కి రెండున్నర లక్షల డాలర్ల వరకు ప్రభుత్వ బీమా అని దాని అర్థం. ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారీ చదవలేదు. ఆ రోజు లైన్లో నిలబడి ఫోన్లో దాని చరిత్ర చదివాను.

1933లో ఆ చట్టం వచ్చింది. 1934 జనవరి 1 నుంచి బీమా మొదలైంది, మొదట 2,500 డాలర్ల వరకు. అదే సంవత్సరం జూలై 1న దాన్ని 5,000కి పెంచారు. బయోగ్రాఫ్ ముందు డిలింజర్ పడిపోయింది మూడు వారాల తర్వాత. 1933లో దాదాపు నాలుగు వేల బ్యాంకులు మూతపడితే, 1934లో బీమా ఉన్న బ్యాంకుల్లో మూతపడినవి 9.

ఒకే జూలైలో రెండు జరిగాయి. ఒకదాన్ని మనం హాస్టల్ రూముల్లో ఈలలు వేస్తూ చూశాం. రెండో దాని మీద ఎవరూ సినిమా తియ్యరు. తీస్తే కమిటీ మీటింగులు, ఫారాలు, లెక్కలు తప్ప ఏముంటుంది? కానీ షట్టరు ముందు నిలబడ్డవాళ్ళని ఇంటికి పంపింది ఆ ఫారాలే. డిలింజర్ ఎవరి పాస్‌బుక్కులోనూ ఒక్క డాలరు వెనక్కి వెయ్యలేదు.

మన దగ్గరా ఇది ఉంది. 1962లో 1,500 రూపాయలతో మొదలై, 2020 నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అయిదు లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. అయితే అది బ్యాంకులకే. ఫైనాన్స్ కంపెనీల్లో వేసిన డిపాజిట్లకి ఈ బీమా లేదు. నాలుగు రూపాయలు వడ్డీ ఎక్కువ అంటూ ఫోన్లో యాడ్ వస్తే, వడ్డీ తర్వాత చూడండి. ముందు ఈ సంగతి చూడండి.

ఆ రాత్రి నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ పొద్దున, యార్డుకి బయల్దేరుతున్నాడు. డిలింజర్ కథ మొత్తం చెప్పాను. సందు ఫొటో, లాడ్జి అద్దాలు, సమాధి అన్నీ చూపించాను. ఆ బ్యాంకు సీన్ గురించి కూడా చెప్పాను, అది చూసి ఎందుకు ఈల వేశానో కూడా. ఆ షట్టరు సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నాన్న కాసేపు ఆగి అన్నాడు. "వాడు దోచుకెళ్ళిన బ్యాంకులో మాత్రం ఎవడి డబ్బులుంటయ్‌రా? నాలాంటోడియే గదా."

తర్వాత ఆ కారులో పోయినాయన పేరేంటని అడిగాడు. చెప్పాను. నోరు తిరగలేదు, మళ్ళీ చెప్పమన్నాడు. రెండోసారి సరిగ్గానే పలికాడు.

"పిల్లలున్నారా ఆయనకి?" అన్నాడు.

తెలీదు నాన్నా అన్నాను. సరేలే టైమైంది అని చెప్పులేసుకుని, సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు.